లూథరు గారి ఇంటిలో పొత్తిగుడ్డలు

(రేడియో ప్రసంగ పాఠము)

ఈ వేళ పిల్లలకు అన్నం కలిపి పెడుతూనో, ఉయ్యాల ఊపుతూనో, వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూనో ఒక చెవి రేడియో వైపు పెట్టి వింటున్న తల్లులను, తండ్రులను ప్రత్యేకంగా జ్ఞాపకము చేసుకుంటున్నాను. మధ్యలో బిడ్డ ఏడిస్తే వెళ్లి ఎత్తుకోండి. ఈనాటి ప్రసంగము కూడా ఆ సంగతే.

లూకా సువార్త రెండవ అధ్యాయము ఏడవ వచనము మన సంఘాలలో కంఠతా రానివారు అరుదు. ప్రతి క్రిస్మస్ కార్యక్రమములోనూ ఒక చిన్నపిల్ల వేదిక ఎక్కి, చేతులు కట్టుకుని దానిని అప్పజెబుతుంది. మరియమ్మ తన తొలిచూలు బిడ్డను వేటిలో చుట్టిందని అక్కడ వ్రాయబడియున్నది? పొత్తిగుడ్డలలో. ఈ రోజుల్లో ఆ మాట మనకు బైబిలులో తప్ప బయట పెద్దగా వినబడదు. కాని మన అమ్మమ్మల కాలములో బాలింత ఉన్న ఇల్లు ఏదో దండెం చూస్తేనే తెలిసేది. పాత నేతచీర చింపి చేసిన మెత్తటి గుడ్డలు వరుసగా ఆరుతూ ఉండేవి. అవి రోజుకు పదిసార్లు తడిచేవి, పదిసార్లు ఉతకబడేవి. లోకరక్షకుని మొదటి వస్త్రము అదే.

ఈ మాటను పట్టుకుని మనము దాదాపు ఐదువందల ఏళ్లు వెనక్కి, జర్మనీ దేశానికి వెళదాము.

1521వ సంవత్సరము. వర్మ్స్ పట్టణములో చక్రవర్తి ఎదుట నిలబడి తన రచనలను వెనక్కి తీసుకోనని చెప్పిన మార్టిన్ లూథర్ గారిని రాజ్యము బహిష్కరించింది. పోపు గారు అంతకు ముందే వెలివేశారు. ప్రాణము దక్కించడానికి ఆయన మీద అభిమానమున్న ప్రభువు ఆయనను వార్ట్‌బర్గ్ కోటలో రహస్యముగా దాచిపెట్టాడు. ఆ కోటలోని ఒక గదిలో కూర్చుని ఆయన క్రొత్త నిబంధనను గ్రీకు నుండి తన ప్రజలు మాట్లాడే జర్మన్ భాషలోకి త్రిప్పారు. 1522 సెప్టెంబరులో అది అచ్చయింది. లూకా రెండవ అధ్యాయము దగ్గరకు వచ్చినప్పుడు పసిబిడ్డను చుట్టిన ఆ గుడ్డలకు ఆయన ఏ దేవాలయపు మాటా వెదకలేదు. జర్మన్ తల్లులు రోజూ ఉతికే గుడ్డలకు ఏ పేరు వాడతారో ఆ పేరే వేశారు. విండెల్న్ అని. మన తెలుగులో పొత్తిగుడ్డలు ఎలాగో అలాగే.

అదే 1522వ సంవత్సరములో ఆయన వివాహ జీవితమును గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాశారు. అందులోనూ ఇదే మాట కనబడుతుంది. ఆ రోజులలో సన్యాసులు, గురువులు సంసారమును తక్కువగా చూసేవారు. దేవుని సేవ మఠములో జరుగుతుంది, ఇంట్లో జరిగేది కేవలము చాకిరీ అనేది అప్పటి భావన. బిడ్డను ఊపాలా, ఆ గుడ్డలు ఉతకాలా, ఆ వాసన భరించాలా, రాత్రంతా మేలుకోవాలా అని మనిషి బుద్ధి ముక్కు విరుస్తుందని లూథరు గారు వ్రాశారు. అయితే విశ్వాసము కన్ను తెరిచి చూస్తే ఈ పనులన్నీ దేవునికి ఇష్టమైనవని, బంగారముతో అలంకరించినట్టు ఉన్నవని చెప్పారు. ఒక తండ్రి తన బిడ్డ గుడ్డలు ఉతుకుతుంటే లోకము అతన్ని ఆడంగివాడని ఎగతాళి చేయవచ్చు గాని, అతడు దానిని విశ్వాసముతో చేస్తే దేవుడు తన దూతలందరితో కూడ చిరునవ్వు నవ్వుతాడని, ఆ నవ్వు గుడ్డలు ఉతికినందుకు కాదు, విశ్వాసముతో ఉతికినందుకని వివరించారు.

మన ఇళ్లలో మాత్రము తక్కువా? మగవాడు బిడ్డను కాళ్లమీద వేసుకుని నీళ్లు పోస్తే, చుట్టాలలో ఎవరో ఒకరు వచ్చి, "అదేమిటి నాయనా, ఇంట్లో ఆడవాళ్లు లేరా?" అని అడుగుతారు. ప్రసంగపీఠము మీద నుండి కుటుంబములను గూర్చి గంటసేపు మాట్లాడే మా సేవకులలో కూడా ఎందరము ఆ పని చేశామో దేవునికి తెలుసు.

కాని ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే చరిత్రకు అన్యాయము చేసినట్టే. ఆ మాటలు వ్రాసిన నాటికి లూథరు గారు బ్రహ్మచారి. నలభైకి దగ్గరపడుతున్నా ఒక్క రాత్రి కూడా బిడ్డ ఏడుపుకు లేచినవాడు కాదు. చెప్పడము తేలిక. చెప్పినది చేయడానికి దేవుడు ఆయనను తరువాత తీసుకువెళ్లాడు.

1523 ఈస్టరు సమయములో నింబ్షెన్ అనే చోట ఉన్న మఠము నుండి పన్నెండుమంది సన్యాసినులు తప్పించుకున్నారు. టోర్గావ్ పట్టణపు వర్తకుడు ఒకడు తన బండిలో వారిని దాటించాడు. చేపల పీపాలలో దాగి వచ్చారని కథగా చెబుతారు గాని, చేపలు సరఫరా చేసే వర్తకుని బండి గనుక ఆ కథ అల్లుకుని ఉంటుంది. వారిలో కతరీనా ఫాన్ బోరా ఒకరు. 1525 జూన్ 13న లూథరు గారు ఆమెను వివాహము చేసుకున్నారు. ఆయనకు 41, ఆమెకు 26. విట్టెన్‌బర్గ్‌లో ఒకప్పుడు సన్యాసులు నివసించిన ఆ పెద్ద మఠమే వారి ఇల్లయింది. సన్యాసులు మౌనముగా నడిచిన వరండాలలో పిల్లలు పరుగెత్తడము మొదలయింది.

ఆరుగురు బిడ్డలు పుట్టారు. 1526 జూన్ 7న హాన్స్. 1527 డిసెంబరులో ఎలిజబెత్. 1529 మేలో మగ్దలేనా. ఆ తరువాత మార్టిన్, పౌల్, చివరిగా 1534లో మార్గరెట్. వీరుకాక తల్లిదండ్రులు లేని అక్కచెల్లెళ్ల పిల్లలు, ఇంట్లో భోజనం చేసి చదువుకునే విద్యార్థులు, కతరీనమ్మ గారి మేనత్త లేనా. ఆమె కూడా పూర్వము సన్యాసినియే. ఆ ఇల్లు ఎప్పుడూ పెళ్లివారిల్లులా ఉండేది.

మొదటి పాఠము సంతోషములో రాలేదు. 1527లో విట్టెన్‌బర్గ్‌కు ప్లేగు వచ్చింది. విశ్వవిద్యాలయము వేరే ఊరికి తరలిపోయింది. లూథరు గారు మాత్రము రోగులను విడిచి వెళ్లనని అక్కడే ఉండిపోయారు. ఇల్లు ఆసుపత్రి అయింది. కతరీనమ్మ గారు నిండు గర్భిణి. ఏడాది దాటిన హాన్స్ చాలా రోజులు సరిగా ఆహారము తీసుకోలేని స్థితిలో ఉన్నాడు. లూథరు గారే ఆ నెలలలో లోతైన మనోవేదనలో ఉన్నారు. అట్టి ఇంటిలో డిసెంబరు 10న ఎలిజబెత్ పుట్టింది. ఎనిమిది నెలలు బ్రదికింది. 1528 ఆగస్టు 3న చనిపోయింది. తన స్నేహితుడైన నికోలస్ హౌస్‌మన్ గారికి వ్రాసిన ఉత్తరములో, తన హృదయము దాదాపు స్త్రీ హృదయములా మెత్తబడిపోయిందని, బిడ్డ కొరకు తండ్రి మనస్సు ఇంతగా కరుగుతుందని ఎన్నడూ ఊహించలేదని ఆయన ఒప్పుకున్నారు. పోపుకు భయపడనివాడు, చక్రవర్తికి తల వంచనివాడు ఎనిమిది నెలల పసిగుడ్డు ముందు కరిగిపోయాడు. దేవుని తండ్రితనమును గూర్చి ఆయన ఎన్నో ప్రసంగాలు చేసియున్నారు. తండ్రి మనసు అంటే ఏమిటో ఆ ఆగస్టులో తెలిసింది.

అదే 1528లో ఆయన సాక్సనీ ప్రాంతపు గ్రామ సంఘాలను చూడడానికి తిరిగారు. ప్రభువు ప్రార్థన రాని విశ్వాసులు, పది ఆజ్ఞలు సరిగా చెప్పలేని పాదిరులు కనబడ్డారు. ఆయనకు కోపము, బాధ రెండూ వచ్చాయి. మనలాంటివారమైతే ఒక పెద్ద వేదాంత గ్రంథము వ్రాసేవారము. పెద్ద కాటికిజమును ఆయన వ్రాశారు, నిజమే. కాని దానితోపాటు 1529లో, బిడ్డను పోగొట్టుకున్న మరుసటి ఏడాదే, చిన్న కాటికిజమును ఇచ్చారు. ఇంటి యజమాని తన ఇంటివారికి సులువుగా నేర్పవలసిన విధము అని దానిలోని భాగాలకు శీర్షిక పెట్టారు. గురువుగారు కాదు, ఇంటి యజమాని. దానిలో ప్రతి ఆజ్ఞ వెనుక, ప్రతి విన్నపము వెనుక ఒకే చిన్న ప్రశ్న వస్తుంది. ఇది ఏమిటి అని. మాటలు నేర్చుకుంటున్న బిడ్డ వేలు చూపి రోజంతా అడిగే ప్రశ్న అది. ఆ ఏడాది హాన్స్‌కు మూడేళ్లు నిండుతున్నాయి. మూడేళ్ల బిడ్డ ఉన్న ఇంట్లో ఆ ప్రశ్న ఎన్నిసార్లు వినబడుతుందో మీకు నేను చెప్పనవసరము లేదు.

1842లో గుంటూరుకు వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గారితో ఆరంభమైన లూథరన్ మిషను ద్వారా ఈ చిన్న పుస్తకము మన తెలుగు ఇండ్లలోకి కూడా వచ్చింది. లూథరన్ సంఘాలలో పెరిగిన పెద్దలు ఇప్పటికీ దానిని అప్పజెప్పగలరు. సెమినరీలో నేను కూడా దానిని చదివాను, పరీక్ష వ్రాశాను, మార్కులు వచ్చాయి. కాని అది నాకు అర్థమయినది మా చిన్నమ్మాయి వలన. నాలుగేళ్లప్పుడు ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో, అనుదినాహారము అంటే ఏమిటి నాన్నా అని అడిగింది. నేను గొంతు సవరించుకుని దేవుని పోషణను గూర్చి ఏదో పెద్దగా మొదలుపెట్టాను. అది మధ్యలో ఆపి, "పెరుగన్నం కూడానా?" అంది. నేను ఒక్క నిమిషము ఆగిపోయాను. లూథరు గారి జవాబు జ్ఞాపకమొచ్చింది. ఆ విన్నపము క్రింద ఆయన అన్నపానములతోపాటు బట్టలు, చెప్పులు, ఇల్లు, పొలము, పశువులు, మంచి పొరుగువారు, మంచి వాతావరణము అని పెద్ద పట్టిక వ్రాశారు. "అవునమ్మా, పెరుగన్నం కూడా" అన్నాను. "మామిడిపండు?" అంది. అదీ ఉందన్నాను. ఆ రాత్రి మా ప్రార్థన చాలా పొడుగయింది, ఎందుకంటే అది ప్రతి ఒక్కటీ పేరు పెట్టి అడిగింది.

తాను డాక్టరునైనా, బోధకుడనైనా ప్రతి ఉదయము చిన్న పిల్లవానివలె ఆ ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణమును, ప్రభువు ప్రార్థనను మాట మాటకూ చదువుకుంటానని లూథరు గారు పెద్ద కాటికిజము ముందుమాటలో వ్రాశారు. మత్తయి సువార్త 18వ అధ్యాయములో ప్రభువు ఒక చిన్న బిడ్డను పిలిచి శిష్యుల మధ్య నిలువబెట్టాడు గదా. ఆయన శిష్యులను పిల్లలకు గురువులుగా నియమించలేదు, పిల్లవానిని శిష్యుల నడుమ నిలిపాడు.

ఇక 1530వ సంవత్సరానికి వద్దాము. ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ఎదుట సంస్కరణ పక్షమువారు తమ విశ్వాసమును ఒప్పుకోవలసిన సంవత్సరము. లూథరు గారు బహిష్కృతుడు గనుక అక్కడకు వెళ్లరాదు. కోబర్గ్ కోటలో ఆగిపోయి, ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు దాదాపు ఆరు నెలలు ఉత్తరాల ద్వారానే అక్కడి సంగతులు తెలుసుకుంటూ ఉన్నారు. జూన్ 5న ఆయన తండ్రి మరణించిన కబురు వచ్చింది. ఆయన కీర్తనల గ్రంథము చేతపట్టుకుని గదిలోకి వెళ్లి ఏడ్చారని ఆయన వెంట ఉన్న శిష్యుడు ఫైట్ డీట్రిక్ కతరీనమ్మ గారికి వ్రాశాడు.

ఆ తల్లి ఎంత తెలివైనదో చూడండి. ఆమె భర్తకు ఓదార్పు వాక్యాలు వ్రాసి పంపలేదు. ఆయనకు వాక్యాలకు కొదువా? ఏడాది నిండిన మగ్దలేనా బొమ్మ ఒకటి గీయించి పంపింది. మొదట చూసినప్పుడు లూథరు గారు గుర్తుపట్టలేదట. పిల్ల మరీ నల్లగా ఉందనుకున్నారట. చూడగా చూడగా పోలిక కనబడింది. భోజనాల గదిలో బల్లకు ఎదురుగా గోడకు తగిలించుకున్నారు. ఆ బొమ్మ ఆయన దుఃఖమును మరపించిందని డీట్రిక్ వ్రాశాడు.

ఆ జూన్ నెలలోనే, 19వ తేదీన, నాలుగేళ్ల హాన్స్‌కు ఆయన ఒక ఉత్తరము వ్రాశారు. వారం తిరగకుండానే, అనగా 25న, ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన చక్రవర్తి ఎదుట చదవబడింది. సంఘ చరిత్రలో అంత గొప్ప వారము మరొకటి వెదకాలి. ఆ వారములో ఈయన కూర్చుని పిల్లవానికి వ్రాసిన సంగతి ఏమిటి? ఒక అందమైన తోట. అందులో బంగారు అంగీలు తొడుక్కున్న పిల్లలు చెట్ల క్రింద ఆపిల్ పండ్లు, చెర్రీ పండ్లు ఏరుకుంటున్నారు. పాటలు పాడుతున్నారు. బంగారు కళ్లెములు, వెండి జీనులు ఉన్న చిన్న చిన్న గుర్రములు ఉన్నాయి. ప్రార్థన చేసి, చదువుకుని, బుద్ధిగా ఉండే పిల్లలు ఆ తోటలోకి వస్తారని తోటమాలి చెప్పాడట. మా హాన్స్ రావచ్చా అని ఈయన అడిగారట. రావచ్చు, అతని స్నేహితులు లిప్పుస్, జోస్ట్ కూడా రావచ్చు అన్నాడట. లిప్పుస్ మెలాంక్తోన్ గారి అబ్బాయి, జోస్ట్ జస్టస్ జోనాస్ గారి అబ్బాయి. వాడికి లేనా అత్త ఉంది, ఆమెను తీసుకురావచ్చా అని అడిగితే, తప్పకుండా అన్నాడట.

ప్రియులారా, ఇది పరలోకమును గూర్చిన పాఠమే. ప్రకటన గ్రంథములోని ముత్యాల గుమ్మములు నాలుగేళ్ల పిల్లవానికి ఎక్కవు, గుర్రము ఎక్కుతుంది. తన స్నేహితులు, తన అత్త లేకుండా ఏ తోటా వాడికి సంతోషము కాదని ఆ తండ్రికి తెలుసు. మన సండేస్కూళ్లలో కొన్నిచోట్ల పిల్లలకు అగ్నిగుండము బొమ్మలు మొదట చూపిస్తాము. తోట సంగతి తరువాత చెబుదామనుకుంటాము. తండ్రి మరణవార్త విని రెండు వారాలయిన మనిషి, తన కొడుకుకు తోటను మొదట చూపించాడు. ఆ తోటను తలచుకోవడము ఆ రోజులలో ఆయనకూ అవసరమే అయి ఉంటుందని నా ఉద్దేశము.

ఇంటికి తిరిగివచ్చాక భోజనపు బల్ల దగ్గర ఆయన మాట్లాడిన మాటలను చుట్టూ కూర్చున్న విద్యార్థులు వ్రాసుకునేవారు. వాటిని కూర్చి ఆయన చనిపోయాక 1566లో పుస్తకముగా అచ్చువేశారు. అన్నం తింటూ విన్నవారు వ్రాసినవి గనుక ప్రతి మాటా అక్షరాలా ఆయనదే అని మనము ప్రమాణము చేయలేము. కాని ఆ ఇంటి గాలి వాటిలో ఉంది.

ఒకటి చెబుతాను. ఆయన వ్రాసుకుంటుంటే హాన్స్ పక్కన కూర్చుని పాట పాడేవాడు. గొంతు మరీ పెరిగితే తండ్రి కొద్దిగా గద్దించేవారు. పిల్లవాడు పాట మానేవాడు కాదు. గొంతు తగ్గించి, కొంచెము బెదురుగా, పాడుతూనే ఉండేవాడు. అది చూసి లూథరు గారు, దేవుడు మన దగ్గర కోరేది ఇదే, ఎల్లప్పుడూ సంతోషముగా ఉండడము, కాని భయభక్తులతో ఉండడము అన్నారట. రెండవ కీర్తన 11వ వచనములో భయభక్తులు, సంతోషము, వణకు ఒకే చోట ఉంటాయి. సెమినరీలో దానికి మేము పేజీలకు పేజీలు వ్యాఖ్యానము చదివాము. హాన్స్ పాట ఒక్క నిమిషములో చూపించింది.

మరొకసారి పాలు త్రాగే బిడ్డను చూస్తూ, ఈ బిడ్డకు ఎందరు శత్రువులో అన్నారట. నా బిడ్డ గనుక పోపు పక్షమువారు, బిషప్పులు, దొరలు అందరూ వీనిని ద్వేషిస్తారు, అయినా వీడు ఏమీ పట్టించుకోకుండా తల్లి రొమ్మున పాలు త్రాగుతూ, చుట్టూ చూసి నవ్వుతున్నాడు అన్నారట. ఎనిమిదవ కీర్తన వినిపించడము లేదా? ఆ ఇంటి కుక్క పేరు టోల్పెల్. బల్ల మీద మాంసము వైపు అది నోరు తెరిచి రెప్పవేయకుండా చూస్తుంటే, ఆ కుక్క మాంసమును చూసినట్టు నేను ప్రార్థించగలిగితే ఎంత బాగుండును అన్నారట. పిల్లలు కొట్టుకుని, మరునిమిషములో కలిసి ఆడుకోవడము చూసి, ఈ ఆట దేవునికి ఎంత ఇష్టమో అన్నారట.

ఇంత చక్కగా బల్ల దగ్గర కూర్చుని మాట్లాడగలిగారంటే దాని వెనుక ఒకరు ఉన్నారని మనము మరువరాదు. తోట, పశువులు, చేపల కుంట, ఇంటి అవసరానికి బీరు కాచడము, అంతమందికి వంట, విద్యార్థుల భోజనపు లెక్కలు, ఇవన్నీ కతరీనమ్మ గారి చేతిలోనే. ఆయన ఎవరు అడిగినా దానము చేసేసేవాడు, ఆమె ఇల్లు నిలబెట్టేది. ఆయన ఆమెను సరదాకు దొరగారూ అని పిలిచేవారు. పిల్లల దగ్గర నేర్చుకున్న పాఠాలు ఆయన పేరున పుస్తకములో ఉన్నాయి. ఆమె నేర్చుకున్నవి ఎవరూ వ్రాసుకోలేదు. మన సంఘాలలో కూడా ఈ లెక్క ఇలాగే ఉందని నాకనిపిస్తుంది.

లూథరు గారిని నేను లోపములేని తండ్రిగా మీ ముందు నిలబెట్టడము లేదు. ఒకసారి హాన్స్ తప్పు చేస్తే, వాడు క్షమాపణ వ్రాసి ఇచ్చేవరకు మూడు రోజులు ముఖము చూడనివ్వలేదట. తల్లి, స్నేహితులు బ్రతిమాలినా వినలేదట. చిన్నప్పుడు ఒక్క గింజకాయ కొరకు తల్లి రక్తము వచ్చేలా కొట్టిందని చెప్పుకుని బాధపడినవాడే, బెత్తము పక్కన ఆపిల్ పండు కూడా ఉండాలని చెప్పినవాడే, ఆ మూడు రోజులు పండును మరిచిపోయాడు. చివరి సంవత్సరాలలో, 1543లో, యూదులను గూర్చి ఆయన వ్రాసిన క్రూరమైన మాటలను లూథరన్ సంఘాలే తరువాత తిరస్కరించవలసి వచ్చింది. పసివాని నవ్వులో దేవుని చూసిన కన్ను పొరుగువాని బిడ్డలో చూడలేకపోయింది. ఇది చెప్పకుండా దాటిపోవడము నాకు ఇష్టము లేదు.

1535లో ఒక క్రిస్మస్ కీర్తన అచ్చయింది. పరలోకము నుండి దిగివచ్చిన దూత మాటలతో మొదలయ్యే ఆ కీర్తనను ఆయన తన ఇంటి పిల్లల క్రిస్మస్ కొరకు వ్రాశారు. మొదట దూత శుభవార్త చెబుతుంది, తరువాత పిల్లలు బదులు పాడతారు. ప్రపంచమంతటా ఇప్పటికీ పాడుతున్నారు. అందులో దూత గుర్తులు చెబుతుంది. పశువుల తొట్టి ఒకటి, రెండవది ఆ గుడ్డలు. 1522లో బ్రహ్మచారిగా వాడిన మాటే. ఇప్పుడు ఆ మాట వ్రాసిన చేయి ఆరుగురు బిడ్డలను ఎత్తుకున్న చేయి, ఒక బిడ్డను మట్టిలో పెట్టిన చేయి.

ఇక చివరి సంగతి. చెప్పడము నాకు కష్టమే.

1542 సెప్టెంబరులో మగ్దలేనాకు జబ్బు చేసింది. కోబర్గ్ గోడ మీద బొమ్మగా ఉన్న పిల్లే. పదమూడేళ్లు. హాన్స్ అప్పుడు టోర్గావ్‌లో చదువుకుంటున్నాడు. చెల్లి అన్నను చూడాలని తపించింది. లూథరు గారు ఆరవ తేదీన అతని ఉపాధ్యాయునికి ఉత్తరము వ్రాసి బండి పంపారు. పిల్లవానికి కారణము చెప్పవద్దని కోరారు. హాన్స్ వచ్చాడు.

తండ్రి మంచము దగ్గర మోకరించి ఏడుస్తూ ప్రార్థించారు. ఇక్కడ ఈ తండ్రి దగ్గర ఉండడమూ, అక్కడ ఆ తండ్రి దగ్గరకు వెళ్లడమూ రెండూ నీకు ఇష్టమేనా అని బిడ్డను అడిగారు. దేవుని చిత్తము ఎలాగైతే అలాగే నాన్నా అన్న భావముతో ఆమె బదులిచ్చింది. తల్లి అదే గదిలో ఉంది గాని, దుఃఖము ఆపుకోలేక మంచానికి కాస్త దూరముగా ఉండిపోయింది. సెప్టెంబరు 20 రాత్రి మగ్దలేనా తండ్రి చేతులలోనే కన్నుమూసింది.

మూడు రోజుల తరువాత ఆయన జోనాస్ గారికి వ్రాసిన ఉత్తరము నిలిచి ఉంది. ఆమె ఇంత మంచి మరణము పొందినందుకు నేనూ నా భార్యా సంతోషముగా కృతజ్ఞతలు చెల్లించాలి, కాని మా వలన కావడము లేదు, ఏడవకుండా ఉండలేకపోతున్నాము, ఆమె చూపులు, మాటలు, నడకలు గుండెలో అంటుకుపోయాయి, క్రీస్తు మరణము కూడా ఈ దుఃఖమును పూర్తిగా తీసివేయలేకపోతున్నది అన్న భావముతో వ్రాశారు. సంస్కర్త వ్రాసిన ఉత్తరమిది. పునరుత్థానమును నమ్మినవాడు. పెట్టెలో పడుకోబెట్టిన బిడ్డను చూసి, నీవు మరల లేచి నక్షత్రమువలె ప్రకాశిస్తావు తల్లీ అని చెప్పినవాడు. ఆ రెండు మాటలూ ఒకే నోటి నుండి, ఒకే వారములో వచ్చాయి. బిడ్డలను పోగొట్టుకుని, విశ్వాసులము గనుక ఏడవకూడదని ఎవరో చెప్పగా గొంతులోనే ఏడుపు మింగుకున్న తల్లిదండ్రులు ఎవరైనా ఈ రాత్రి వింటుంటే, ఈ ఉత్తరము సంగతి మీకు చెప్పాలనే నేను ఈ ప్రసంగము సిద్ధపరచాను.

మగ్దలేనా పుట్టిన 1529 మే నెలలోనే చిన్న కాటికిజము పుస్తకముగా వెలువడింది. ఆ పిల్లా ఆ పుస్తకమూ ఒకే ఈడువి. దానిలో చివర ఉదయము చేసుకోవలసిన ప్రార్థన, రాత్రి చేసుకోవలసిన ప్రార్థన ఉన్నాయి. పదమూడేళ్లు ఆ ఇంట్లో పెరిగిన అమ్మాయికి అవి కంఠతా వచ్చి ఉంటాయనుకోవడము తప్పు కాదు. రాత్రి ప్రార్థనలో, ఈ దినమంతయు కాపాడినందుకు స్తుతించి, చేసిన తప్పులకు క్షమాపణ అడిగి, దేహమును ఆత్మను సమస్తమును తండ్రి చేతికి అప్పగిస్తారు. ఆ ప్రార్థన క్రింద లూథరు గారు ఇంకొక్క సూచన చేర్చారు. ప్రార్థన అయిపోయాక ఇక ఆలస్యము చేయక, సంతోషముగా నిద్రపోవాలి అని.